జాకీ ఎంపికలో తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

టైరు మార్చేటప్పుడు బండిని పైకి లేపే జాకీ, మా బండికి సరిపోయేది ఎట్టకేలకు దొరికింది. ఇది నలుగురి పుణ్యమే. ఫోన్లో విసుక్కోకుండా మాట్లాడినవాళ్లు, టేపు పట్టుకుని బండి కింద కొలతలు తీసినవాళ్లు, తమ దగ్గర లేదని చెప్పి పక్క దుకాణానికి పంపినవాళ్లు, అందరికీ పేరుపేరునా దండాలు. పేర్లు రాయొద్దని కొందరు ముందే అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

మేం హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు గూడేలకు సోలార్ పంపులు బిగించే పని మీద తిరుగుతాం. ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అందులో ప్యానెళ్లు, ఇనుప స్టాండ్లు, పైపులు, పైన మనుషులం. తారు రోడ్డు దిగామంటే వానాకాలం బురద, ఎండాకాలం మొరం, రాళ్లు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాంతోపాటు వచ్చిన పాత స్క్రూ జాకీయే వాడుతూ వచ్చాం. మొన్న వానల్లో పస్రా దాటాక ఒక మట్టి దారిలో వెనక టైరు పంక్చరైంది. జాకీ తిప్పుతుంటే బండి లేవలేదు, జాకీ అడుగే బురదలోకి దిగింది. ఒక పక్కకు ఒరిగి స్క్రూ వంగిపోయింది. అడవి దారి, పొద్దు గూకుతోంది, సిగ్నల్ లేదు. ఆ టెన్షన్ ఎట్లా ఉంటుందో అటు తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ దారిన ట్రాక్టర్ మీద పోతున్న ఒక తమ్ముడు తనంతట తానే ఆగాడు. ట్రాలీలోంచి చెక్క మొద్దు, బాటిల్ జాకీ (సీసాలా నిలబడి, లోపలి నూనె ఒత్తిడితో లేచేది) తెచ్చాడు. మా కుర్రాడు బండి కిందికి వంగబోతే, "అన్నా, పైలం! చెయ్యి లోపల పెట్టకు" అని భుజం పట్టి వెనక్కి లాగాడు. బండి లేపకముందే నట్లు కొద్దిగా వదులు చేయించాడు. స్టెప్నీని ఛాసిస్ (బండి అడుగు ఇనుప చట్రం) కింద పడుకోబెట్టించాడు. జాకీ జారినా బండి నేలకు కొట్టుకోకుండా దాని మీద ఆగుతుందని. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. తమ్ముడూ, ఈ మాట నీ చెవిన పడితే మా అందరి దండాలు అందుకో. మీ చేలో పంపు పని ఏదున్నా కబురు పెట్టు, చేసిపెట్టే బాధ్యత మాది.

ఇక కొత్త జాకీ సంగతి. దుకాణాల్లో అందరూ మొదట అడిగేది టన్నులే. "బరువు బండి కదా, పది టన్నులది తీసుకోండి సార్, రంది ఉండదు" అన్నవాళ్లే ఎక్కువ. మనసు అటే పోతుంది కూడా. ఆ కొనుగోలు ఆపింది మా వాడకట్టులో ఉండే కాక. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మోకాళ్ల నొప్పులతో కూడా వచ్చి, బండి వెనక టైరులో గాలి మొత్తం తీయించి, నేల నుంచి యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు) అడుగు వరకు టేపు పెట్టాడు. 21 సెంటీమీటర్లు వచ్చింది. "జాకీ ముందు గిండ్ల పట్టాలె గదా బిడ్డా" అన్నాడు. పది టన్నుల బాటిల్ జాకీని పూర్తిగా దించి కొలిస్తే 22 దాటింది. అంటే గాలి పోయిన బండి కింద అది దూరనే దూరదు! బాటిల్ జాకీల్లో మామూలుగా టన్నులు పెరిగేకొద్దీ దించినప్పటి ఎత్తు కూడా పెరుగుతుందని ఆరోజే అర్థమైంది. పైగా బురదలో కింద చెక్క వేయాలి, దాని మందం కూడా ఆ 21లోనే ఇమడాలి.

కాక చెప్పిన రెండో లెక్క నాకు ఇంకా నచ్చింది. ఛాసిస్ కింద జాకీ పెడితే ముందు కమాన్ పట్టీలు (స్ప్రింగులు) సాగుతాయి, అవి సాగినంత సాగాకే చక్రం నేల విడుస్తుంది. యాక్సిల్ కింద పెడితే చక్రం వెంటనే లేస్తుంది, జాకీ కొద్దిగా ఎత్తితే చాలు. మా బండి వెనక గట్టి యాక్సిల్ కాబట్టి అది కుదురుతుంది. అన్ని బండ్లకూ కుదరదు, మీ బండి పుస్తకంలో జాకీ ఎక్కడ పెట్టాలని ఉందో చూసుకోండి. టన్నుల గురించి కూడా ఆయన మాట సూటిగా ఉంది: ఒక మూల లేపేటప్పుడు బండి బరువంతా జాకీ మీద పడదు, అయినా సామాను ఒక పక్క ఉంటుంది, నేల వాలుగా ఉంటుంది కాబట్టి నిండు బండి మొత్తం బరువుకు తగ్గని జాకీ తీసుకుంటే నిశ్చింత.

పొడవాటి హై లిఫ్ట్ జాకీ కొనాలన్న ఆశ మాకు గట్టిగానే ఉండేది. కరీంనగర్‌లో మాలాంటి బండ్ల మీద అడవులు తిరిగే ఒక అన్న ఫోన్లో ఓపికగా విడమరిచి చెప్పాడు. దానికి ఇనుప బంపర్ గానీ పక్కన గట్టి ఇనుప పట్టీ గానీ ఉండాలి, కంపెనీ ప్లాస్టిక్ బంపర్‌కు తగిలిస్తే విరుగుతుంది. దించేటప్పుడు రాడ్ చేయి జారితే ఎగిరి దవడకు తగులుతుంది. తన దగ్గర అది ఉండి కూడా మమ్మల్ని వద్దన్నాడు. అమ్ముకునే అవకాశం ఉన్నా వద్దన్న మనిషి మాటకు విలువ ఎక్కువ.

చివరికి తీసుకున్నది రెండంచెలుగా లేచే నాలుగు టన్నుల బాటిల్ జాకీ. దించితే 17 సెంటీమీటర్లు, పూర్తిగా లేపితే 40 దాకా వస్తుంది. వరంగల్‌లో ఆ దుకాణం పెద్దాయన డబ్బా కట్టి ఇచ్చేయలేదు. బయట నిలిపిన లోడు ట్రాలీ ఆటో కింద పెట్టి లేపించాడు, లేచిన కడ్డీ మీద పెన్నుతో గీత గీశాడు, "చాయ్ తాగొద్దాం రా" అన్నాడు. వచ్చి చూస్తే గీత ఉన్నచోటే ఉంది. అంతకుముందు చూపించిన ఇంకో జాకీలో అదే గీత కిందికి దిగింది, సీల్ దగ్గర నూనె చెమర్చింది. దాన్ని తానే పక్కన పెట్టేశాడు. బండిలో జాకీని నిలువుగా కట్టాలని, కడ్డీ పూర్తిగా దించి ఉంచితే తుప్పు పట్టదని, నూనె తగ్గితే జాకీ ఆయిలే పోయాలని, బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయని చెప్పి పంపాడు.

చెక్క కోసం మా వీధి వడ్రంగి అన్న నల్లమద్ది పలక కోసిచ్చాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, మందం మూడున్నర సెంటీమీటర్లు. చీలకుండా రెండు చివరలా ఇనుప పట్టీ కొట్టాడు. జాకీ, దాని కింద పలక కలిపి ఇరవైన్నర, యాక్సిల్ కింద అర సెంటీమీటర్ సందు.

పోయిన వారం గోవిందరావుపేట దాటాక మళ్లీ వెనక టైరే పోయింది, నిండు లోడుతో. వెనక చక్రం లేస్తే హ్యాండ్ బ్రేక్ పట్టు తగ్గుతుంది కాబట్టి కాక చెప్పినట్టే 'ఫోర్-లో' (నాలుగు చక్రాలూ ఇంజిన్‌కు కలిసే నెమ్మది గేరు)లో పెట్టాం, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు వేశాం. పలక బురదలో కొంచెం అణిగి ఆగింది. బండి నిటారుగా లేచింది. మా కుర్రాడు ఎవరూ చెప్పకుండానే స్టెప్నీ కిందికి తోశాడు. ఆ రాత్రి అందరం ఇంట్లోనే అన్నం తిన్నాం.

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు ఇలాంటి బండి నడిపేవాళ్లు ఎవరైనా జాకీ కొనబోతుంటే ముందు గాలి తీసి కొలవండి. టేపు, జాకీ, పలక మా షెడ్డులోనే ఉంటాయి. ఆదివారం పొద్దున వస్తే మీ బండి కిందే పెట్టి చూసుకోవచ్చు, కాకను కూడా పిలుస్తాను.