చెల్లె డిగ్రీ మెమో కూడా పట్టుకురా

హనుమకొండ,
ఆదివారం రాత్రి

మామా,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట పొద్దటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. "గ్రాడ్యుయేట్ ఓటుకు మళ్లీ ఫారం నింపాలా? పోయినసారి నింపినం కదా, అయినా ఎవరు గెలిస్తే మనకేంది" అన్నావు. డ్యూటీకి టైమైందని వెంటనే పెట్టేశావు. నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్‌లో సగమే వస్తుంది. అందుకే కూర్చొని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నీ ప్రశ్నకు జవాబు. అవును, మళ్లీ నింపాలి. ఇది మామూలు ఓటరు జాబితా కాదు, శాసనమండలికి డిగ్రీ చదివినవాళ్లు మాత్రమే ఓటేసే పట్టభద్రుల సీటుది. ఒకసారి పేరెక్కితే ఉండిపోదు, ప్రతి ఎన్నికకు మొదటి నుంచి కొత్తగా రాస్తారు. ఫారం-18 అంటారు. నవంబర్ 1 నాటికి డిగ్రీ పాసై మూడేళ్లు నిండి ఉండాలి, నియోజకవర్గంలో కాపురం ఉండాలి. కొత్తగూడెం మన వరంగల్-ఖమ్మం-నల్లగొండ సీటులోకే వస్తుంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. 2027 మార్చిలో ఆ సీటు గడువు అయిపోతుంది.

ఇప్పుడు ఇన్నేళ్లు నీకు చెప్పని సంగతి చెబుతాను. 2021 మార్చి 14 గుర్తుందా? ఆ రోజు పోటీలో 71 మంది. బ్యాలెట్ పేపర్ విప్పితే దినపత్రిక పరిచినట్టుంది. బూత్‌లో నా ముందున్న రిటైర్డ్ పంతులుగారు దాన్ని ఎలా మడిచి డబ్బాలో వేయాలో తెలియక రెండుసార్లు విప్పి మళ్లీ మడిచారు. చేతిలో వాళ్లిచ్చిన వయొలెట్ రంగు స్కెచ్ పెన్ను. దానితోనే రాయాలి, మన జేబులో పెన్నుతో రాస్తే చెల్లదు. నచ్చిన మనిషి పేరు పక్కన 1 అని వేయాలి. ఆ తర్వాత ఇష్టముంటే 2, 3. అంకె తప్ప ఇంకేం పెట్టకూడదు.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి, "పని అయిపోయింది మామా, మనోని పేరు పక్కన టిక్ కొట్టి వచ్చిన" అన్నావు. ఎంత సంబరంగా చెప్పావో ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ మాట విని నేను ఊరుకున్నాను. ఆ ఓటు చెల్లలేదు మామా. కొత్తగూడెం నుంచి మీ ఊరికి బస్సెక్కి, లైన్‌లో రెండు గంటలు నిలబడి వేసిన ఓటు. చెబితే బాధపడతావని చెప్పలేదు, అది నా తప్పే.

నువ్వొక్కడివే కాదు, ఆసారి వేలల్లో చెల్లకుండా పోయాయి. అందరూ డిగ్రీలు, పీజీలు చదివినవాళ్లే. 17న మొదలైన లెక్కింపు 20న గానీ తేలలేదు. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ రావాలి కదా. ఎవరికీ రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ తీసేస్తూ, వాళ్ల ఓట్లలో 2 ఎవరికి పడిందో చూసి కలుపుకుంటూ పోతారు. అంటే మనం రెండో అంకె వేసిన మనిషికి కూడా మన మాట చేరుతుంది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. మనకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఎందుకు నేర్పలేదో చెప్తా. 2009 డిసెంబర్ 9 రాత్రి గుర్తు తెచ్చుకో. మన కాకతీయ యూనివర్సిటీ (కేయూ) హాస్టల్ టీవీ హాల్లో కాలు పెట్టే జాగా లేదు. అర్ధరాత్రి కావస్తుండగా తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. మెస్ కంచాలు, గ్లాసులు, చేతికి దొరికిందల్లా మోగించాం. గొంతు పోయి నువ్వు మూడు రోజులు సైగలతో మాట్లాడావు. 23న మళ్లీ మాట మారితే కేయూ క్రాస్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నాం. జయశంకర్ సార్ 1991 నుంచి 94 వరకు వీసీగా ఉన్న క్యాంపస్ అది. ఆయన చదువు, అంకెలు, వాదన కలిపి తెలంగాణ అడిగిన మనిషి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది కానీ, ఆయన చూడలేదు. 2011 జూన్ 21న ఇక్కడే పోయారు.

ఇంత చేసిన మనం ఆ క్యాంపస్‌లో ఒక్క ఓటు వేశామా? వేయలేదు. 1988లోనే విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. క్యాంపస్‌లలో కొట్లాటలు జరిగిన మాట, ప్రాణాలు పోయిన మాట నిజమే, కాదనను. కానీ 2006లో, విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ చెప్పినట్టు జరపమని సుప్రీంకోర్టే అంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటొద్దు, హాజరు 75 శాతం ఉండాలి, ఇలా కట్టుబాట్లు పెట్టింది. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు ఓట్లేసుకుంటున్నారు. ఇదే రాష్ట్రం, మన పిల్లలకు లేదు. నినాదం ఇవ్వడం వచ్చింది మనకు, ధర్నా వచ్చింది. మెస్ బిల్లు ఎందుకు పెరిగిందని లెక్క అడిగే మనిషిని మనమే ఎన్నుకొని, పని చేయకపోతే మరుసటి ఏడాది దించేయడం రాలేదు. 22 ఏళ్లకు అది వచ్చి ఉంటే నువ్వు టిక్ కొట్టేవాడివి కాదని నా నమ్మకం.

ఇంకొక్క సంగతి, ఇది నన్ను బాగా కదిలించింది. పోయిన నెల ఒక పిల్లగాడు ఫారం-18 నింపి పెట్టమని నా దగ్గరికి వచ్చాడు. భూపాలపల్లి వైపు ఊరు. డిగ్రీ పాసై మూడేళ్లు దాటింది. మెమో ఏదిరా అంటే తల దించుకున్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని, బాకీ కడితేనే ఇస్తామని కాలేజీవాళ్లు పెట్టుకున్నారట. ఫోన్‌లో మెమో ఫొటో ఒకటుంది, సగం మసక. ఉద్యోగానికి అడ్డం పడ్డ ఆ కాగితమే ఇప్పుడు ఓటుకూ అడ్డం. మరునాడు ఇద్దరం కాలేజీకి పోయాం. ఆఫీసు బయట బెంచీ మీద పదింటి నుంచి ఒంటిగంట దాకా కూర్చోబెట్టారు. చివరికి జిరాక్స్ ఇచ్చారు. ఆ జిరాక్స్‌ను వాడు చొక్కా లోపల పెట్టుకున్నాడు, బయట చినుకులు పడుతున్నాయని.

ఎవరు గెలిస్తే మనకేంది అన్నావు కదా. ఆ పిల్లగాడి కాగితం గురించి మండలిలో లేచి అడగాల్సిన సీటు అది. యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టులు, కాంట్రాక్టు మీద తల నెరిసిన సార్లు, ఆగిన స్కాలర్‌షిప్‌లు, అన్నీ అక్కడ అడగాల్సినవే. అడగనివాడు గెలిస్తే మనం వదిలేసినందుకే గెలిచినట్టు.

బతుకమ్మకు ఎలాగూ వస్తారు. ఇక్కడే కూర్చొని మీ ఇద్దరివీ నింపేద్దాం. డిగ్రీ మెమో జిరాక్స్, ఆధార్, పాస్‌పోర్ట్ ఫొటో తెచ్చుకో. చెల్లె కూడా బీకాం పాసైంది, ఆమె పేరు పోయినసారి ఎవరూ రాయించలేదు. ఆమె మెమో పెళ్లిలో పెట్టిన సూట్‌కేసు అడుగున ఉంటుంది, ఒకసారి అడిగి తీయించు. వయొలెట్ స్కెచ్ పెన్ను ఒకటి కొనిపెట్టాను. తెల్లకాగితం మీద ఇద్దరితో 1, 2, 3 వేయిస్తాను.

నీ
పాత రూమ్మేట్