ట్రస్ రాడ్ పట్టని నెక్‌కి సాడిల్ దించమంటే ఎలా?

విజయనగరం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ సైట్‌లో కొన్న నాలుగు స్ట్రింగ్‌ల ఎలక్ట్రిక్ బాస్ గిటార్‌లో తయారీ లోపాలు, మార్చి ఇవ్వడం లేదా డబ్బు వాపసు చేయడం గురించి.

అయ్యా,

34,000 రూపాయలకి తీసుకున్న ఈ బాస్ గురించి పంపిన రెండు మెయిళ్లకీ మీ దగ్గర్నుంచి వచ్చింది ఒకటే జవాబు: సెటప్ (స్ట్రింగ్‌ల ఎత్తు, నెక్ వంపు సర్దుకోవడం) సమస్య, వారంటీ కిందకి రాదు, స్ట్రింగ్‌లని కింద మోసే సాడిల్స్ కొంచెం దించుకోండి, సన్న స్ట్రింగ్‌లు వేసుకోండి అని. సెటప్‌తో పోయేది వేరు, పోనిది వేరు. రెండూ కలిపేయకుండా ఉండడానికి ఈసారి కొలతలు రాస్తున్నాం. దయచేసి ఈ ఉత్తరాన్ని గిటార్ విప్పడం తెలిసినవాళ్ల చేతికివ్వండి.

ముందు నెక్, అంటే వేళ్లతో స్ట్రింగ్‌లు నొక్కే పొడుగాటి చెక్క. మా వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పెట్టెలోంచి తీసిన వెంటనే దేన్నీ కదపలేదు. స్ట్రింగ్‌లు ట్యూన్‌లో పెట్టి పది రోజులు వదిలేసి, తర్వాతే కొలిచాం. మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా పొదిగిన లోహపు తీగ) దగ్గర కాపో అనే క్లిప్పు బిగించి, లావుపాటి ఈ-స్ట్రింగ్‌ని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద మిగిలిన సందులో ఫీలర్ గేజ్ దూర్చాం. బైక్ మెకానిక్‌లు వాల్వులకి వాడేదే. 34 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు) ఉన్న బాస్‌కి అక్కడ 0.3 మిల్లీమీటర్లు, మహా అయితే 0.4 ఉండాలి. దీనికి 0.6 రేకూ 0.5 రేకూ కలిపి దూరిస్తే గానీ సందు నిండలేదు. అంటే 1.1.

నెక్ ముందుకి వంగిందంటే ట్రస్ రాడ్, అంటే స్ట్రింగ్‌ల లాగుడుకి ఎదురు నిలవడానికి నెక్ లోపల ఉండే కడ్డీ, బిగించాలి. రోజుకి పావు తిప్పు చొప్పున మూడు రోజులు అలెన్ కీతో బిగించాం. బాగున్న రాడ్ అయితే రెండో రోజుకే కీ బిగుసుకుని చేతికి ఎదురు తిరుగుతుంది. ఇది బోరింగ్ పంపు వాషర్ పోయినట్టు ఉత్తినే తిరుగుతోంది, సందు 1.1 దగ్గరే ఉంది. వెనక్కి తిప్పినా అంతే. లోపల మర పోయిందో, రాడ్ చివర ఊడిందో మీరే తేల్చాలి. నాలుగు స్ట్రింగ్‌లూ కలిసి నెక్‌ని దాదాపు 80 కిలోల బలంతో లాగుతాయి. దాన్ని ఆపాల్సిన రాడ్డే పట్టనప్పుడు సాడిల్ దించితే ఏమవుతుంది? మధ్యలో స్ట్రింగ్ ఎత్తుగానే ఉండిపోతుంది, పన్నెండో ఫ్రెట్ దాటాక ఫ్రెట్లకి తగిలి గరగరమంటుంది. మీ మాట కాదనకుండా దించి చూశాం, సరిగ్గా అదే జరిగింది. సన్న స్ట్రింగ్‌లు వేసుకోమన్నారు. లాగుడు కాస్త తగ్గుతుందే తప్ప పట్టని రాడ్ పట్టదు కదా!

ఇక 13వ ఫ్రెట్. చిన్న స్టీలు పట్టీ ఒకటి 12, 13, 14 ఫ్రెట్ల మీద ఆనిస్తే జి-స్ట్రింగ్ వైపు టకటకా ఊగుతోంది. 13వ ఫ్రెట్ చివర బొటనవేలితో అదిమితే దిగుతుంది, వేలు తీయగానే లేస్తుంది. ఫ్రెట్ తన గాడిలో కూర్చోలేదన్నమాట. 12లో నొక్కిన నోటు 13కి తగిలి చచ్చిపోవడానికి కారణం ఇదే.

కరెంటు వైపు రెండు లోపాలున్నాయి. స్ట్రింగ్‌ల మీద చెయ్యి వేస్తే హమ్ (స్పీకర్‌లో వచ్చే గుయ్‌మనే మోత) తగ్గాలి, దీంట్లో తేడా లేదు. మల్టీమీటర్ ఒక కొన స్ట్రింగ్‌ల కింది చివర పట్టే బ్రిడ్జికీ, ఇంకో కొన కేబుల్ గుచ్చే జాక్ బయటి రింగుకీ పెడితే బీప్ రాలేదు. బ్రిడ్జి కిందికి రావాల్సిన ఎర్త్ తీగ తెగింది, లేదా అసలు వేయలేదు. పది నిమిషాల టంకం పనే, కానీ మేం విప్పితే వారంటీ పోతుందని రాసింది మీరే. రెండోది, మీ పేజీలో యాక్టివ్/పాసివ్ స్విచ్ ఉందన్నారు. 9 వోల్టుల బ్యాటరీ తీసేసి చూస్తే స్విచ్ ఎటు వేసినా శబ్దం లేదు. పాసివ్ అంటే బ్యాటరీ లేకపోయినా మోగాలి. పైడితల్లమ్మ పండగ స్టేజీ మీద పాట మధ్యలో బ్యాటరీ అయిపోతే గతేమిటి?

ప్రతి చిన్నదానికీ పేచీ పెట్టడం లేదు. జి-స్ట్రింగ్ మీద ఐదు, ఏడు ఫ్రెట్ల మధ్య నోటు త్వరగా ఆరిపోతోంది. బోల్టులతో బిగించిన నెక్ ఉన్న బాసుల్లో అది మామూలే. ఒక్క సింగిల్ కాయిల్ పికప్‌నే (స్ట్రింగ్ కదలికని పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న అయస్కాంతం) తెరిస్తే వచ్చే హమ్ కూడా దాని స్వభావమే. వీటిని ఫిర్యాదులో కలపలేదు.

పది, పన్నెండు వేలకే బాస్ దొరుకుతుండగా దానికి మూడింతలు ఎవరైనా పెట్టేది మాట వినే నెక్ కోసం, సరిచేసిన ఫ్రెట్ల కోసం, ట్యూన్ నిలిపే కీల కోసం. మీ పేజీ నిండా పైపాలిష్ గురించీ, బంగారు రంగు స్క్రూల గురించీ ఉంది. బరువెంతో, నట్ (నెక్ పై చివర స్ట్రింగ్‌లు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు 38 మిల్లీమీటర్లో 42వో రాయలేదు. కొనేవాళ్లకి ముందు కావలసినవి అవి.

కాబట్టి వేరే పీస్ పంపండి, లేదా పూర్తి డబ్బు తిరిగివ్వండి. నెక్‌ని షిమ్ (కింద పెట్టే పలచటి ముక్క) వేసి సర్దడానికి ఒప్పుకోం. కొరియర్ ఖర్చు మీదే. పంపేముందు ఆ పీస్ మీద పై కొలతలే తీసి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందెంతో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాం, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

బిల్లు నకలు, ఫీలర్ గేజ్ ఫొటోలు, 13వ ఫ్రెట్ లేచి దిగే వీడియో జతచేశాం. పాత పెట్టె, థర్మాకోల్ అలాగే ఉన్నాయి. మీ మనిషి ఎప్పుడొస్తాడో ఒకరోజు ముందు చెబితే స్ట్రింగ్‌లు వదులు చేసి ప్యాక్ చేసి ఉంచుతాం.

ఇట్లు,
ఆర్కెస్ట్రా సభ్యులు,
విజయనగరం