ఒంటి మీద పడిన రేడియేషన్ సంగతి ఒంటినే అడగాలి

సంపాదకులు గారికి నమస్కారం. ఒంటి మీద రేడియేషన్ చూపిన ప్రభావాన్ని లేజర్ కాంతితో రక్తకణాల్లో కనిపెట్టే రామన్ పద్ధతి మీద చెన్నైలో పెద్ద అధ్యయనం జరగాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెన్నైలో 31 ఏళ్లు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు నాయుడుపేట. మా ఉద్యోగంలో ఛాతీకి తగిలించుకునే బ్యాడ్జి ప్రాణంతో సమానం. మూడు నెలలకోసారి పంపితే, మా మీద ఎంత రేడియేషన్ పడిందో లెక్క కట్టి చెప్పేవారు. ఒంటి మీద పడిన రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఏ ఒక్క ఏడాదీ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, అయిదేళ్ల సగటు 20కి మించకూడదు.

ఒకసారి మాతో పనిచేసే కుర్రాడి రీడింగు ఉన్నట్టుండి ఆ హద్దు దాటి వచ్చింది. అప్పటికి అతనికి పెళ్లయి ఆరు నెలలు. గూడూరు నుంచి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. రక్తం తీసి క్రోమోజోముల పరీక్షకు పంపారు. తెల్లకణాలను రెండు రోజులు పెంచి, మైక్రోస్కోపు కింద వందల కణాలను ఒక్కొక్కటిగా చూస్తూ, తెగి తప్పుగా అతుక్కున్న క్రోమోజోములు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే పరీక్ష అది. చివరికి ఏమీ లేదని తేలింది. అతను బ్యాడ్జిని మేము తొడుక్కునే లెడ్ (సీసం) ఏప్రాన్‌కే వదిలేసి, ఆ ఏప్రాన్‌ను ఎక్స్‌రే గదిలో కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్లేవాడు. రేడియేషన్ పడింది బ్యాడ్జి మీద. ఆ సంగతి తెలియడానికి నెల పైన పట్టింది. అన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

2010లో ఢిల్లీ మాయాపురిలో పాత ఇనుము సరుకులో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 బయటపడినప్పుడు ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. పాత సామాను కొట్లో పనిచేసేవాళ్లకు బ్యాడ్జీలు ఎక్కడివి? వాళ్ల ఒంట్లోని కణాలే సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యాన్ని త్వరగా రాబట్టే దారి ఒకటి ఉంది. దాని మీద మన నగరం గట్టిగా పనిచేయాలన్నదే నా విన్నపం.

ఆ దారి పేరు రామన్ స్పెక్ట్రోస్కోపీ. కణం మీద లేజర్ కాంతి వేస్తే, చెదిరి వచ్చే కాంతి దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. సుమారు కోటిలో ఒక వంతు మాత్రం రంగు రవ్వంత మారి వస్తుంది. ఆ మార్పు డీఎన్‌ఏకు ఒకలా, మాంసకృత్తులకు ఒకలా, కొవ్వుకు ఒకలా ఉంటుంది. పెద్ద మోతాదు రేడియేషన్‌ను గ్రేల్లో కొలుస్తారు. ఒక గ్రే రేడియేషన్ పడితే ఒక్కో కణంలో డీఎన్‌ఏ రెండు పోగులూ తెగిన చోట్లు సుమారు 35 నుంచి 40 దాకా ఉంటాయి. కణం వాటిని అతుక్కునే పనిలో పడుతుంది, దాని లోపలి సరుకు పాళ్లు మారతాయి. చెదిరి వచ్చిన కాంతిని రంగుల వారీగా విడదీసి గీసిన వర్ణపటంలో కొన్ని గీతలు లేస్తాయి, కొన్ని కుంగుతాయి. కణాలకు రంగు అద్దక్కర్లేదు. కెనడాలో క్యాన్సర్ కణాల మీద చేసిన ప్రయోగాల్లో, రేడియేషన్‌కు లొంగని కొన్ని రకాల కణాల్లో గ్లైకోజెన్ పోగుపడటం ఈ పద్ధతిలోనే కనిపించింది. డబ్లిన్‌లో ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల తెల్లకణాలను ఇలాగే చూసి, చికిత్స తర్వాత ఎవరికి ఎక్కువ బాధలు వస్తాయో పసిగట్టవచ్చా అని పరిశోధించారు.

ఈ రెండో సంగతే నాకు ముఖ్యం. మా వదినకు రొమ్ము క్యాన్సర్ వస్తే కరెంటు పెట్టారు. రేడియేషన్ చికిత్సను మనవాళ్లు అలాగే అంటారు కదా. 25 సిట్టింగులు, మొత్తం 50 గ్రే. అదే బెంచీ మీద కూర్చునే సూళ్లూరుపేట ఆవిడకూ అదే లెక్క. వదినకు చర్మం నల్లబడి ఊరుకుంది. ఆవిడకు నాలుగో వారానికే చంక కింద తోలు ఊడిపోయింది. జాకెట్టు వేసుకోలేక, మెత్తటి పాత పంచె చుట్టుకుని, పైన కొంగు కప్పుకుని లోకల్ రైల్లో చెయ్యి ఎడంగా పెట్టుకుని వచ్చేది. డాక్టరుగారిని అడిగితే ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరమ్మా అన్నారు. అది నిజమే. ఆ తీరు ముందే తెలిస్తే ఆవిడకు మందులూ జాగ్రత్తలూ మొదటి రోజు నుంచే ఇంకోలా ఉండేవి.

ఇది ఇంకా ప్రయోగశాల దశలోనే ఉందని నాకు తెలుసు. ఎక్కువ ప్రయోగాలు గ్రేల లెక్కన పెద్ద మోతాదుల మీద జరిగాయి. ఎక్స్‌రే గదిలో పడే మిల్లీసీవర్టులు వాటి ముందు చాలా చిన్నవి. వయసు, జబ్బు, జ్వరం కూడా కణాన్ని మారుస్తాయి కాబట్టి కొద్దిమంది రక్తం చూసి తీర్పు చెప్పకూడదు. రేపు ఏ ల్యాబో రేడియేషన్ టెస్టు అని బోర్డు పెట్టి వేలు గుంజితే ప్రభుత్వం వెంటనే ఆపాలి.

కొద్దిమందిని చూసి తీర్పు చెప్పకూడదు కాబట్టే చాలామంది రోగుల రక్తం కావాలి. చెన్నైలో దేనికి కొదవ? 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఐఐటీ ఉంది, 70 కిలోమీటర్ల దూరంలో కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం ఉంది. ఈ పద్ధతికి పేరునిచ్చిన సి.వి. రామన్ విశాఖలో బడికి వెళ్లినా, బీఏ, ఎంఏ చదివింది మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలోనే. క్యాన్సర్ ఆస్పత్రులూ ఈ సంస్థలూ ఒకచోట కూర్చుని, అయిదేళ్లు, కొన్ని వేల మంది రోగులతో ఒకే పద్ధతిలో అధ్యయనం మొదలుపెట్టాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు దానికి డబ్బివ్వాలి.

రోగికి కొత్తగా కష్టమేమీ ఉండదు. రక్తకణాల కౌంటు చూడటానికి వారం వారం సూది గుచ్చుతూనే ఉన్నారు. అదే సూదితో ఇంకో అయిదు మిల్లీలీటర్లు తీస్తే చాలు. సంతకం పెట్టించుకునే కాగితం మాత్రం తమిళం, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఉండాలి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చి ఆ బెంచీల మీద కూర్చునేవాళ్లు తక్కువమంది కాదు. వదిననూ సూళ్లూరుపేట ఆవిడనూ అడిగాను. చదివి వినిపిస్తే పెడతామన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్,
పెరంబూరు, చెన్నై