గాలివానల వెంట వెళ్లడానికి ఏ బండి కొందాం?

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు ఇంటి కబుర్లు రాసి, చివర్లో "గాలివానల్ని చూడ్డానికి తిరుగుతాం కదా, థార్ జీపు కొనేద్దామా, ఏమంటావు?" అని ఒక్క ముక్క పడేశావు. నాకు రెండు రోజులుగా అదే ఆలోచన. డబ్బు ఇద్దరిదీ, ప్రాణాలూ ఇద్దరివే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు మనం వెళ్లేది దేని వెంటో తేల్చుకుందాం. తుపాను వెంట మాత్రం కాదురా. అది నేను ఒప్పుకోను. హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12న, నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. నేను ఈ ఇంట్లోనే ఉన్నాను. గంటకు 180 కిలోమీటర్ల గాలి అని పేపర్లో చదవడం వేరు, తలుపుకి వీపు ఆనించి కూర్చోవడం వేరు. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని ఎదురింటాయన గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. మా నాన్న అరిచి ఆయన్ని లోపలికి పంపించారు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. కైలాసగిరి మీది రాడారే దెబ్బతింది, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. ఇక మన కారు ఎంత?

మర్నాడు పొద్దున చూస్తే గోడల నిండా ఆకు ముద్ద. రోట్లో నూరి పూసినట్టు పచ్చగా అంటుకుపోయింది. కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. మా కారుకి ఒక్క గీత పడలేదు, ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. కానీ సందు మొదట్లో వేపచెట్టు అడ్డంగా పడి నాలుగు రోజులు గేటు దాటించలేకపోయాం. పక్కింటి కుర్రాడు మాత్రం స్కూటీని కొమ్మల కింద నుంచి నడిపించుకుంటూ వెళ్లి మాకు పాలు తెచ్చిపెట్టాడు. అందుకే చెప్తున్నా, వాయుగుండం అన్న మాట వినపడగానే మన బండికి రెండే పనులు. ట్యాంకు నింపడం, చెట్టూ హోర్డింగూ పాత గోడా లేని చోట పెట్టడం. కరెంటు పోతే బంకుల్లో పంపులూ ఆగిపోతాయి, ఆ తర్వాత క్యూలు ఎంత పొడుగున్నాయో నేను చూశాను.

మనకి కావలసింది ఏప్రిల్, మే నెలల గాలివాన. సముద్రం మీది తేమగాలి లోపలికి వచ్చి, ఎండకి కాగిన కొండల మీదికి ఎక్కి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా అరకు దారిలో అనంతగిరి పైన కాలీఫ్లవర్‌లా పొంగుతుంది చూడు, ఆ మబ్బు. అది కొత్తవలస వైపు దిగుతున్నప్పుడు కొండల కింది ఎస్.కోట (శృంగవరపుకోట) దాటకుండా మైదానంలో నిలబడి కొండల వైపు చూడాలి. ఘాట్ ఎక్కితే చెట్లూ మలుపులూ తప్ప ఆకాశం కనపడదు. పైగా రాయి జారిపడితే వెనక్కి రావడానికి ఇంకో దారి ఉండదు.

బండి విషయంలో నేను పట్టుబట్టేది కూడా ఇదే, తిరిగి రాగలగడం. అమెరికాలో ఓక్లహోమా దగ్గర 2013 మే 31న ఎల్ రీనో సుడిగాలిలో టిమ్ సమారాస్, ఆయన కొడుకు పాల్, కార్ల్ యంగ్ ముగ్గురూ పోయారు. సుడిగాలుల్ని ఏళ్ల తరబడి కొలిచిన మనిషి ఆయన. ఆ రోజు వాళ్లు ఉన్నది మామూలు చిన్న కారులో. సుడిగాలి సుమారు 4 కిలోమీటర్ల వెడల్పుకి పెరిగి, ఉన్నట్టుండి దారి మార్చుకుంది. అక్కడ మైలుకో అడ్డరోడ్డు ఉంటుంది. అయినా తప్పించుకోలేకపోయారు. మనకి ఊళ్ల మధ్య ఉండేది ఒకే రోడ్డు, దాని మీదే గేదెలు, ఆటోలు, వడ్ల కుప్పలు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇనప రేకులు తొడిగిన బళ్లలో తిరిగేవాళ్లు కూడా అక్కడ ఉన్నారు. మన బండిని మాత్రం అలా కవచం అనుకోవద్దు.

ఇక పిడుగు. శొంఠ్యాం దగ్గర టీ కొట్టు గుర్తుందా? బైకు పక్కన పెట్టి స్టీలు గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. రోడ్డవతల తాటిచెట్టు మీద పడింది. ముందు వెలుగు, వెంటనే చప్పుడు, ఆ తర్వాత కాలిన పచ్చి పీచు వాసన. చెట్టు నెత్తి నుంచి పొగ వస్తుంటే నీ చేతిలో గ్లాసు ఇంకా వణుకుతూనే ఉంది. అందుకే బైకు వద్దు, గుడ్డ టాపు జీపు అసలే వద్దు. కారులో మనల్ని కాపాడేది రబ్బరు టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనప బాడీ. పిడుగు దాని మీదుగానే నేలలోకి దిగుతుంది. కాబట్టి పైకప్పు ఇనుముదే ఉండాలి, అద్దాలు ఎత్తి కూర్చోవాలి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోనులో ఎలాగూ ఉంది.

నీళ్ల సంగతి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మా పాత కారుని రైలు వంతెన కిందికి దింపి, బంపరు దాకా నీళ్లలో ఆపేశాను. ఆగినదాన్ని ఆగినట్టు వదిలెయ్యకుండా మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టాను. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం గుండా నీళ్లు సిలిండర్లోకి వెళ్లాయి. గాలిలా నీళ్లు నలగవు కదా, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. మెకానిక్ దాన్ని బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. కొడవలిలా ఉంది. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్తుందని నువ్వు రాశావు, నిజమే. అది నిలవ నీళ్ల లెక్క. పారే నీళ్లయితే ఒక అడుగు లోతుకే చిన్న కారు తేలిపోతుంది, రెండడుగులైతే చాలా బళ్లు కొట్టుకుపోతాయి. చప్టా మీద నీళ్లు పారుతుంటే మనం ఇవతలే ఆగుతాం. ఏ బండి అయినా సరే.

నా ఓటు సెకండ్ హ్యాండ్ బొలేరోకి. థార్ గొప్ప బండే, కాదనను. కానీ మనం తిరిగేది ఎక్కువగా తారు రోడ్ల మీద, ఫోర్ వీల్ డ్రైవ్‌తో పని పడేది ఏడాదికి రెండుసార్లు. ఆ డబ్బులో కొంత మంచి టైర్లకి పెడదాం. చట్టం టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుంటే చాలంటుంది, వానలో నాకు 3 ఉంటేనే ధైర్యం. బొలేరోకి చుట్టూ పెద్ద అద్దాలు, నిటారుగా కూర్చుంటే ఆకాశం కనపడుతుంది, వెనక ట్రైపాడ్లు పడతాయి, ఎస్.కోటలో పాడైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. ఒక లోపం ఉంది, పెట్టెలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి అడ్డగాలికి ఊగుతుంది. గోస్తని వంతెన మీద, బీచ్ రోడ్డు మీద నెమ్మదిగా పోవాలి. ఇంకో మాట, నడిపేవాడు మబ్బు వైపు చూడకూడదు. చూసేది పక్కనున్నవాడే. వంతులు వేసుకుందాం.

మొన్న ఆదివారం అనకాపల్లిలో ఒకటి చూశాను. పెయింటు తళతళలాడుతోంది, ధర కూడా తక్కువే. నాకు అనుమానం వచ్చి డ్రైవరు సీటు బెల్టుని చివరిదాకా లాగాను. లోపల దాక్కున్న ఆ చివరి మూరలో సన్నటి బురద చార ఉంది. మ్యాట్ ఎత్తితే నానిన గోనెసంచి వాసన. సీటు కింది పట్టాలకి తుప్పు. ఎక్కడో వరదలో మునిగి తేలిన బండి. దండం పెట్టి వచ్చేశాను.

వచ్చే ఆదివారం విజయనగరంలో ఇంకోటి ఉంది. సముద్రం పక్కన తిరగలేదట, అయినా కింద పడుకుని ఛాసిస్ చూడాలి. ఉప్పుగాలి ముందు అక్కడే తినేస్తుంది. నువ్వు శనివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయ్. పెద్ద టార్చి నీ దగ్గరే ఉంది, మర్చిపోకుండా పట్టుకురా. అమ్మ నీకు బెల్లం ఆవకాయ తీసి ఉంచింది. అత్తయ్యనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

ఉంటాను,
నీ బావ