ముద్ర పడితే శిక్షణ అయిపోయినట్టేనా?

సంపాదకులకు,

గుంటూరు కొత్తపేటలోగానీ, విజయవాడ సూర్యారావుపేటలోగానీ సాయంత్రం ఏ మందుల షాపుకెళ్లినా కౌంటర్ వెనక నలుగురైదుగురు కుర్రాళ్లు చీటీలు అందుకుంటూ ఉంటారు. వాళ్లలో ఫార్మసీ చదివింది ఎవరు, చదివినవాళ్లకు పని నేర్పింది ఎవరు అన్నది ఎవరికీ పట్టదు.

డి.ఫార్మసీ (ఫార్మసీ డిప్లొమా)లో రెండేళ్ల చదువయ్యాక మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంది. అంటే రోజూ ఆరేడు గంటలు కౌంటర్‌లో నిలబడాలి. చాలామంది విషయంలో జరుగుతున్నది, తెలిసిన షాపులో ఫారం మీద సంతకం చేయించి ముద్ర వేయించుకోవడం. ఇందులో షాపువాళ్లను మాత్రమే తిట్టి లాభం లేదు. ఏం నేర్పాలో కాలేజీ వాళ్లకు రాసివ్వదు, మధ్యలో వచ్చి చూడదు, నేర్పినందుకు రూపాయి ఇవ్వదు.

దీనివల్ల జరిగే నష్టం రోగికి. ఇన్సులిన్ సంగతే చూడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే వయల్‌కు (ఇన్సులిన్ సీసాకు) ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే దానికి నారింజ మూత సిరంజి వాడాలి. 20 యూనిట్లు వేసుకోవాల్సిన మనిషికి 40 వయల్ ఇచ్చి 100 సిరంజి చేతిలో పెడితే, 20 గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగలేదని డాక్టరు డోసు పెంచుతారు. ఆ తర్వాత ఎవరో సరైన సిరంజి ఇస్తే పెంచిన డోసంతా ఒక్కసారిగా ఎక్కి మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. అదే 100 వయల్‌కు 40 సిరంజి ఇస్తే 20 గీత దగ్గర ఏకంగా 50 యూనిట్లు.

పిల్లల జ్వరం మందూ అంతే. పారాసెటమాల్ డ్రాప్స్ మిల్లీలీటరుకు 100 మి.గ్రా., సిరప్పులు 5 మి.లీ.కు 120 లేదా 250 మి.గ్రా. పది కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 150 మి.గ్రా. కావాలి. డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ., 250 సిరప్ అయితే 3 మి.లీ. డ్రాప్స్ సీసా చేతికిచ్చి ‘ఒక చెంచా పట్టండి’ అంటే, చెంచాకు 5 మి.లీ. లెక్కన 500 మి.గ్రా. పట్టించమన్నట్టే. ఈ లెక్క పరీక్షలో రాయగలిగిన విద్యార్థి కూడా, వెనక పదిమంది తొందరపెడుతుంటే తడబడతాడు. అందుకే నేర్పే మనిషి పక్కన ఉండాలి.

నేర్పడానికీ ఒక వరస ఉంది. మొదటి రెండు వారాలు రోగుల దగ్గరికి పంపకూడదు. ముందు గడువు తీరేవి ముందు వరసలో సర్దడం, ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో పొద్దున, సాయంత్రం రాయడం, ఇన్సులిన్ ఫ్రీజర్‌కు ఆనకుండా పెట్టడం... ఇవి చేతికి అలవాటవ్వాలి. తర్వాత చీటీ చదవడం, హెచ్1 రిజిస్టర్‌లో (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల లెక్క రాసే పుస్తకంలో) డాక్టరు, రోగి, మందు, పరిమాణం నమోదు చేయడం. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలని కూడా చాలామందికి తెలియదు. సీనియర్ పక్కనుండగా మందులివ్వడం ఆ తర్వాతి మాట. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా తలూపుతారు. ‘ఇంటికెళ్లి ఎలా వేసుకుంటారో చెప్పండి’ అని అడగడం అలవాటు చేయాలి. ఇంకొకటి: పొరపాటు చేసిన కుర్రాణ్ని జనం ముందు అరిస్తే ఈసారి పొరపాటును దాచేస్తాడు. దాచిన పొరపాటు సరిదిద్దడానికి దొరకదు.

అధ్యాపకుల వైపూ లోపం ఉంది. ఎం.ఫార్మసీ పట్టా చేతికి రాగానే, ఒక్క రోజు కూడా రోగికి మందు అందించకుండా ఫార్మసీ ప్రాక్టీస్ పాఠం చెప్పేస్తున్నారు. ఈ వృత్తిలోకి రావాలనుకునే యువతీయువకులు ఆసుపత్రి ఫార్మసీలో కనీసం రెండేళ్లు పనిచేసి రావడం మంచిది. జీతం తక్కువే కావచ్చు, పాఠానికి మాత్రం అదే పెట్టుబడి. వచ్చాక కూడా వారానికి ఒక పూట వార్డులోనో కౌంటర్‌లోనో గడపనివ్వాలి. ఆరేళ్ల కోర్సు అయిన ఫార్మ్.డి.లో ఆరో ఏడంతా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్: ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు. అక్కడ అధ్యాపకుడు రౌండ్స్‌కు (వార్డులో రోగులను చూసి రావడానికి) వెళ్లకపోతే విద్యార్థులు కేస్‌షీట్లు ఎక్కించుకునే గుమస్తాలవుతారు. కానీ పదోన్నతి వచ్చేసరికి అచ్చయిన పేపర్లే లెక్కిస్తారు, తీర్చిదిద్దిన విద్యార్థులు లెక్కలోకి రారు.

కాలేజీలు, ఫార్మసీ కౌన్సిల్ కూర్చుని చేయగలిగినవి ఉన్నాయి. ఐదేళ్లు కౌంటర్ అనుభవమున్న ఫార్మాసిస్టులను ఎంచి, రెండు రోజులు నేర్పే పద్ధతిలో తర్ఫీదు ఇచ్చి, ఒక్కొక్కరికి ఇద్దరికి మించకుండా విద్యార్థులను అప్పగించాలి. ఫీజులోంచే వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వాలి. అధ్యాపకుడు పదిహేను రోజులకోసారి షాపుకెళ్లి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఫార్మాసిస్టుగా రిజిస్ట్రేషన్‌కు ముందు విద్యార్థి, శిక్షణ ఇచ్చినవాళ్లు కాకుండా వేరే ఫార్మాసిస్టు ఎదుట పది చీటీలకు మందులిచ్చి, జాగ్రత్తలు చెప్పి చూపించాలి. వచ్చే విద్యాసంవత్సరం నుంచి మన రెండు నగరాల్లోనైనా ఇది మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఫార్మసీ అధ్యాపకులు కొందరు,
గుంటూరు