కొలతల పుస్తకం పంపుతున్నాను

రాజమహేంద్రవరం,
కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో నాడు

చిరంజీవి పెద్దబాబుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమ సమాచారం అమ్మ రోజూ కనుక్కుని నాకు చెబుతూనే ఉంది. పోయిన ఆదివారం నువ్వు చెప్పిన మాట విని నేను ఏ బదులూ ఇవ్వకుండా ఫోను అమ్మ చేతికి ఇచ్చేయడం నీకు కోపంగా తోచి ఉంటుంది. అది కోపం కాదు. ఉద్యోగం మానేసి, బెంగళూరులో మగవాళ్ళ కోట్లు కుట్టే చోట చేరి పని నేర్చుకుంటానని ఇరవై ఏడేళ్ళ కొడుకు చెబితే, ముప్పై అయిదేళ్ళు అదే పని చేసి కొట్టు మూసుకున్న తండ్రి నిలబడిన చోట ఏమని బదులివ్వగలడు? అందుకే నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ముందు ఒక బాకీ తీర్చాలి. నువ్వు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా బీరువాలో ఉన్న నా పెళ్ళి కోటు తీసి, దాని కుడి చేతిని భుజం దగ్గర విప్పేశావు. నా కోసం నేను కుట్టుకున్న కోటు జీవితంలో అదొక్కటే. ఆ రోజు నేను నిన్ను ఎంత మాటన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. దర్జీ కొడుకు మళ్ళీ దర్జీ కావడానికా ఇన్ని ఫీజులు కట్టింది అని వీధి అంతా వినబడేలా అరిచాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక కోటు తీసి లైటు కింద చూశాను. ఒక్క పోగు తెగలేదు. విప్పిన దారం ముక్కలు అగ్గిపెట్టెలో దాచావు, చేతి గుడ్డ మీదా చంక చుట్టూ ఎక్కడికక్కడ సుద్దతో గుర్తులు పెట్టుకున్నావు. గుర్తు పెట్టుకోకుండా విప్పితే చెయ్యి మళ్ళీ అదే వాలులో కూర్చోదని నీకు ఎవరూ చెప్పలేదు. మన కొట్టులో మూడేళ్ళు పని చేసిన కుర్రాళ్ళకు కూడా ఆ సంగతి తెలిసేది కాదు. ఈ మాట నీకు మర్నాడే చెప్పి ఉండవలసింది. పదేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను.

ఇక రెండో విషయం. నీకంటూ ఒక తీరు ఇంకా కుదరలేదని, ఎన్ని కొన్నా అద్దంలో ఎవరో పరాయివాడు కనిపిస్తున్నాడని అన్నావు. నువ్వు చెల్లికి పంపే ఫోటోలు నేనూ చూస్తున్నాను. ఒక వారం ఇటలీ దొరలాగా, మరో వారం పాతకాలపు తెల్ల అధికారిలాగా ఉంటావు. అమ్మ ఆ బట్టల ఖరీదు లెక్క వేసుకుంటుంది, నేను భుజాల కుట్లు చూసుకుంటాను. దీనికి నా దగ్గర ఉపదేశం లేదు గానీ ఒక పుస్తకం ఉంది. మన కొట్టులో గల్లాపెట్టె పక్కన ఉండే కొలతల పుస్తకాల్లో, పాత ఖాతాదారుల కోసం విడిగా పెట్టిన ఎర్ర అట్ట పుస్తకం నీకు గుర్తుందా? దాన్నే పంపుతున్నాను.

అందులో 1981 నుంచి 2016 దాకా కొలతలు ఉన్నాయి. చొక్కాకు పొడవు, భుజం, చేతి పొడవు, ఛాతీ, నడుము, కాలరు, ప్యాంటుకు పొడవు, నడుము, సీటు, తొడ, మోకాలు, బాటమ్ వరుసగా రాసి, చివర ‘ప్రత్యేకం’ అని ఒక గడి వదిలాను. నువ్వు అంకెల మీద ఎక్కువసేపు ఆగవద్దు. ముప్పై నడుము ముప్పై ఎనిమిది కావడం కాలం చేసే పని, అందులో వింత లేదు. ఆ చివరి గడి చదువు. మొదటి పేజీల్లో బెల్‌బాటమ్ వాసన ఇంకా పోలేదు, ఇరవై రెండు, ఇరవై నాలుగు అంగుళాల బాటమ్‌లు కనిపిస్తాయి. తరువాత బ్యాగీ వచ్చి తొడ దగ్గర ప్లీట్లు పెరిగాయి. ఆ పైన నడుము కిందికి జారింది, బాటమ్ పధ్నాలుగుకు కుదించుకుపోయింది. ఒకే మనిషి పేరు కింద ఈ మూడూ వరసగా ఉంటాయి. ఆ మనిషి ఎవరి బట్టలు తొడుక్కున్నాడో చెప్పమంటే నేను చెప్పలేను.

అయితే ఆ గడిలో పాతికేళ్ళ పాటు ఒక్క అక్షరం మారనివాళ్ళు నలుగురు ఉన్నారు. ఒకాయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరు. ఎప్పుడూ పొట్టి చేతుల చొక్కానే, మోచేతికి రెండు వేళ్ళ పైన ఆగాలి, రెండు జేబులకూ మూతలుండాలి. బ్యారేజీ మీద గాలికి జేబులోని కాగితాలు ఎగిరి గోదావరిలో పడతాయని ఆయన చెప్పిన కారణం. మరొకరు ఆర్ట్స్ కాలేజీ లెక్చరరు. నిండు చేతులే, కానీ కఫ్ అర అంగుళం వదులుగా ఉండాలి, ఎందుకంటే బోర్డు మీద రాసే ముందు రెండు మడతలు పైకి మడిస్తే అది మోచేతి కింద చక్కగా నిలవాలి. సుద్దపొడి కనబడుతుందని ముదురు రంగు ఏనాడూ తేలేదు. మూడో ఆయన కలప అడితీ యజమాని, అయిదడుగుల రెండంగుళాల మనిషి. గళ్ళ చొక్కా ఏనాడూ కుట్టించుకోలేదు, ప్యాంటు రంగుకు దగ్గరగా ఉండే చొక్కా గుడ్డే ఎంచుకునేవాడు. కిందికీ మీదికీ రంగు తెగితే మనిషి రెండు ముక్కలుగా కనబడి ఇంకా పొట్టిగా తేలతాడని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. నేనైతే చెప్పలేదు, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. (నాలుగో ఆయన గడి మారకపోవడానికి కారణం అభిరుచి కాదు, పరమ పిసినారితనం. ఆయన పేజీ వచ్చినప్పుడు నువ్వే పోల్చుకుంటావు.)

ఈ ముగ్గురూ అందగాళ్ళేమీ కాదు. కానీ మెయిన్ రోడ్డు మీద వంద గజాల దూరం నుంచి వెనక నుంచి చూసినా ఫలానా ఆయన వెళుతున్నాడని పోల్చగలిగేవాణ్ణి. వాళ్ళు తమకు ఏది కావాలో వెతకలేదు, ఏది పడదో ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చారు. చివరికి మిగిలినదాన్ని ఏళ్ళ తరబడి వదలలేదు. నీ అలమారలో ఉన్న పదకొండు చొక్కాలూ మూడు కోట్లూ మంచం మీద పరిచి, ఏది తొడుక్కున్న రోజున పొద్దుటి నుంచి రాత్రి దాకా దాని సంగతే నీకు గుర్తు రాలేదో అది పక్కన పెట్టు. మిగతావాటిలో ఏ తప్పు ఉందో కాగితం మీద రాయి. నచ్చలేదు అని రాస్తే లాభం లేదు, కాలరు ఎత్తెక్కువ, చంక కిందికి దిగింది, రంగు మొహాన్ని వెలవెలబోయేలా చేస్తోంది, ఇలా రాయాలి.

నీ కోట్లలో ఒక తప్పు ఫోటోలోనే కనబడింది, చెప్పేస్తాను. మూడింటిలోనూ మెడ వెనక కాలరు చొక్కాను ఆనకుండా లేచి నిలబడుతోంది, వెనక అంచు కూడా కాస్త పైకి లేస్తోంది. నువ్వు సైజు తప్పనుకుని ఇంకొక సైజు కొన్నావు. సైజు కాదు బాబూ, వీపు. రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటరు ముందు కూర్చుని నీ వీపు ముందుకు వంగింది. అలాంటి ఒంటికి వెనక ముక్క పొడవు పెంచి, ముందు ముక్క తగ్గించి కత్తిరించాలి. రెడీమేడ్ కోటు నిటారుగా నిలబడేవాడి కోసం కోసినది. నీ కుడి భుజం ఎడమదానికంటే కొంచెం దిగుడు కూడా, అది నా పోలిక.

ఇటలీలోని నేపుల్స్ నగరంలో 1930లలో విన్సెంజో అత్తోలీని అనే కటింగ్ మాస్టరు, రుబినాచ్చి వారి కొట్టులో పని చేస్తూ, ఇంగ్లీషు కోటులోని బరువైన కాన్వాసునూ, మెత్తలనూ, లైనింగునూ తీసేసి చొక్కాలాగా తేలికైన కోటు తయారు చేశాడని, ఆ కోటంటే నీకు ప్రాణమని చెల్లితో చెప్పావట. ఆ కథ నాకూ బాగా నచ్చింది. అయితే అందులో నువ్వు పట్టుకోవలసినది ఆయన కోసిన భుజం కాదు, ఆయన వేసుకున్న ప్రశ్న. లండన్ చలికి పుట్టిన కోటు మా ఊరి ఎండలో ఎందుకు అనే ఆలోచన నుంచి అది పుట్టింది. రాజమండ్రి మే నెల ఎండకు నేపుల్స్ ఎండ ఏపాటిది? ఆ ప్రశ్న ఇక్కడ వేసుకుంటే జవాబు మళ్ళీ నేపుల్స్ కోటే అవుతుందని నేననుకోను.

మా నాన్నగారు జన్మలో కుట్టిన బట్ట కట్టిన రోజులు తక్కువ, అది దర్జీ ఇంట్లో విచిత్రమే. గోచీ పోసి పంచె కట్టి, కండువా వేసుకుని కొట్టుకు వచ్చి కూర్చునేవారు. కత్తెర తగలని గుడ్డ నడుము దగ్గర కుచ్చిళ్ళతో నిలిచి, తొడ మీద వదులై, పిక్క దగ్గర వాలు తిరిగి కిందికి ఎలా దిగుతుందో ఆయన నడకలో చూసే నేను ప్యాంటు పడే తీరు నేర్చుకున్నాను. సంక్రాంతికి నువ్వు పంచె కట్టడం నేర్చుకో. ఎలాస్టిక్ వేసి అమ్మేది కాదు, అసలైనది. గుడ్డ బరువు ఎటు లాగుతుందో నీ ఒంటికే తెలుస్తుంది.

గుడ్డ గురించి మాట్లాడితే ఈ ఉత్తరం తెగదు, అయినా కొంత రాస్తాను. సూపర్ 150 అని అంచు మీద నేసి ఉన్న ఉన్ని గుడ్డకు నువ్వు మొన్న జీతంలో సగం పోశావు. ఆ అంకె ఉన్ని వెంట్రుక ఎంత సన్ననిదో చెబుతుంది, అంతే. సూపర్ 100 అంటే వెంట్రుక మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 150 అంటే 16.25 మైక్రాన్లకు మించని ఉన్ని. సన్నబడే కొద్దీ మెత్తదనం వస్తుంది గానీ, రోజూ తొడిగి స్కూటరు నడిపేవాడికి తొడ దగ్గర త్వరగా అరుగుతుంది, ముడతలు కూడా త్వరగా తీరవు. మన ఎండకు అంకె కంటే గాలి ఆడే నేత ముఖ్యం. చొక్కాలకైతే మంగళగిరి నూలు చూడు. గుంట మగ్గం మీద నేసిన ఆ గుడ్డలో ఆర్భాటం ఉండదు, అంచు సన్నగా ఉంటుంది, నాలుగు ఉతుకుల తరువాత దాని అసలు గుణం బయటపడుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ ఇంకొక మెట్టు పైన. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, శుభ్రం చేసి, చేత్తో వడుకుతారు. ఆ పళ్ళ సందుల్లోంచి వచ్చిన దూది మెత్తదనం మిల్లు నూలుకు రాదు. నీళ్ళలో నానబెట్టి ఆరవేయకుండా ఈ రెండు గుడ్డలకూ కత్తెర పెట్టకు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, కూడా ముందే చూసుకో. 58 అంగుళాల పన్నా మిల్లు గుడ్డ 1.60 మీటర్లతో నిండు చేతుల చొక్కా వస్తుంది, 36 అంగుళాల పన్నా అయితే రెండున్నర మీటర్లు కావాలి. పోచంపల్లి ఇక్కత్ కొంటే ఇంకా ఎక్కువ తీసుకో. బొత్తాల పట్టీ దగ్గరా, జేబు దగ్గరా డిజైను కలవకపోతే ఆ నేతగాడి లెక్క అంతా నువ్వు చెడగొట్టినవాడివవుతావు.

ఇక నువ్వు అడిగిన అనుమతి. పని ఎలా ఉంటుందో తెలిసి అడుగుతున్నావో లేదో నాకు అనుమానం. నేను కాకినాడలో మాస్టారి దగ్గర చేరినప్పుడు మొదటి రెండేళ్ళు కత్తెర ముట్టనివ్వలేదు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఊదడం, తరువాత విప్పేసే కచ్చా కుట్లు వేయడం, కాజాలు. కాజాలు కుట్టీ కుట్టీ చూపుడు వేలి మీద పడిన గట్టి చర్మం ఇప్పటికీ ఉంది. సొంతంగా కొట్టు పెట్టాక కూడా తప్పులు ఆగలేదు. ఒక పెళ్ళికొడుకు వెల్వెట్ షేర్వాణీకి గుడ్డ చాలక, ఎడమ ముందు ముక్కను తలకిందులుగా పెట్టి కత్తిరించాను. నూగు అటు తిరిగి, దీపాల వెలుగులో ఒక పక్క నలుపుగా, ఒక పక్క బూడిదగా మెరిసింది. పెళ్ళి పందిట్లో ఆ కుర్రాడు ఎవరి వైపూ తిరగలేక నిలబడిన తీరు నేను మరిచిపోలేను. గుడ్డ డబ్బు తిరిగి ఇచ్చాను, ఆ ఇంటి ముందు నుంచి చాలా కాలం నడవలేదు.

డబ్బు సంగతి కూడా నీకు తెలియాలి. కొట్టు మూయడానికి రెడీమేడ్ ఒక్కటే కారణమని అందరితో చెబుతాను గానీ, నిజానికి నా పనివాళ్ళకు సరిపడా కూలి ఇవ్వగలిగే ధర అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. నువ్వు ఈ పనిలోకి వస్తే ధర అడగడం కూడా నేర్చుకోవాలి, అది నేను నేర్పలేను.

కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఒక షరతు మీద. ఉద్యోగం ఇప్పుడే వదలకు. వచ్చే ఉగాది దాకా శని, ఆదివారాలు ఆ కోట్లు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, కాజాలూ కచ్చా కుట్లూ తప్ప ఇంకేమీ ఇవ్వకపోయినా చేస్తానని చెప్పు. నాలుగున్నర నెలల తరువాత కూడా సోమవారం పొద్దున వేళ్ళు నొప్పి పెడుతుంటే నీకు దిగులు రాకపోతే, అమ్మను ఒప్పించే పని నాది. అప్పటి దాకా కొత్త బట్టలు కొనకు. ఈ మాట అమ్మ రాయమంది, కానీ నాదీ అదే అభిప్రాయం.

పుస్తకం మీ మామయ్య వచ్చే వారం బెంగళూరు వస్తూ తెస్తాడు. పేజీలు పెళుసుబారాయి, వేలు తడి చేసి తిప్పకు. నూట పన్నెండో పేజీ నీది. నీ అయిదో ఏట నుంచి ఇంజనీరింగులో చేరే దాకా ప్రతి సంక్రాంతికీ కొలతలు ఉన్నాయి, ఆ తరువాత నువ్వు కొలవనివ్వలేదు. చివరి గడిలో ఒక్కటే మాట ఉంది, నీ తొమ్మిదో ఏట నువ్వు చెబితే రాసింది: ‘జేబు లోపల ఇంకో జేబు.’

పండక్కి నాలుగు రోజులు ముందుగా రా. పొందూరు గుడ్డ దొరికితే మూడు మీటర్లు తీసుకుని, నానబెట్టి, నీడన ఆరవేసి తీసుకురా. గంజి పెట్టించకు. మిషనుకు నూనె వేసి ఉంచుతాను, కొలత నేను తీస్తాను, కత్తెర నువ్వు పట్టుకుందువు గాని.

ఆశీస్సులతో,
నాన్న