మా చెల్లెలికి ఏం తీశారో చెప్పే కాగితం లేదు

సంపాదకులకు నమస్కారం.

నేను పల్నాడు ప్రాంతంలో ముప్పై రెండేళ్ళు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుగా, పనిచేసి 2021లో పదవీ విరమణ చేశాను. పోయిన నెల మా పక్కింటి కోడలు ఒక స్కానింగు కాగితం పట్టుకుని వచ్చింది. ఆమెకు 28 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు కాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయింది. నెలసరి వస్తే పది రోజులైనా ఆగడం లేదట. "గర్భసంచి వాచిందన్నారు అత్తయ్యా, తీసేయాలట. సోమవారం రమ్మన్నారు. నలభై వేలవుతుందట, మిరపకాయలు అమ్మగానే కడతామని చెప్పి వచ్చాం" అంది.

ఆ కాగితం చూస్తుంటే నాకు మా చెల్లెలే కళ్ళముందు కనిపించింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోని విషయం కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది, మన్నించండి.

2006లో మా చెల్లెలికి 31 ఏళ్ళు. తెల్లబట్ట, నడుం నొప్పి. నేనే వెంటబెట్టుకుని పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్ష చేసి, గర్భసంచి మూతి దగ్గర పుండుందనీ, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందనీ, పిల్లలు పుట్టారు కాబట్టి ఇక దానితో పనిలేదనీ చెప్పారు. మూడో రోజే ఆపరేషన్. ఇంగ్లిషులో ఉన్న అంగీకార పత్రం మీద, చదవకుండానే, సాక్షి సంతకం పెట్టింది నేను. తీసిన భాగాన్ని పరీక్షకు పంపుతున్నారా అని కూడా అడగలేదు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఒకటి ఇచ్చారు. మందులు అయిపోయాక ఆ చీటీ ఎటో పోయింది.

ఆరు నెలలు తిరక్కుండానే చెల్లెలికి ఒళ్ళంతా ఆవిర్లు మొదలయ్యాయి. మాఘమాసపు చలిలో కూడా అర్ధరాత్రి లేచి రవిక తడిసిపోయి కూర్చునేది. నిద్ర కరువైంది, ఓపిక పోయింది. మొగుడి మీద, పిల్లల మీద ఊరికే విసుక్కునేది, తర్వాత ఏడ్చేది. ఆపరేషన్ అయినవాళ్ళకు అలాగే ఉంటుందని ఊళ్ళో అన్నారు. నేనూ అదే అన్నాను. 47వ ఏట కుళాయి దగ్గర కాలు జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. చిన్నగా పడటమే అది, పిల్లలు రోజుకు నాలుగుసార్లు అలా పడి లేస్తారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు కూడా తీశారా?" అని అడిగారు. చెల్లెలు నా ముఖం చూసింది. పక్కనే కూర్చున్న నర్సమ్మను, నాకూ తెలియదు. కాగితం లేదు. చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో స్కానింగు చేసిన డాక్టరమ్మ, రెండువైపులా అండాశయాలు కనిపించడం లేదని రాసిచ్చారు. తనకు ఏం తీసేశారో మా చెల్లెలు పదహారేళ్ళ తర్వాత తెలుసుకుంది.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. ఎముకలకూ గుండెకూ కాపుగా ఉండే ఈస్ట్రోజెన్ తయారయ్యేది అండాశయాలలో. చిన్న వయసులో ఆ రెండూ తీసేస్తే ముట్లుడగడం ఒక్క రాత్రిలో వచ్చిపడుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అలాంటివారికి వేరే అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేవరకు హార్మోను మందులు ఇవ్వడం వైద్యంలో ఉన్న పద్ధతే. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవారిలో అవి కొంత ముందుగానే పని మానేయవచ్చు. ఈ మాటలు మా చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. ఇది చెప్పకపోవడం ఆపరేషన్ కంటే పెద్ద అన్యాయమని నా నమ్మకం.

అప్పటినుంచి నాకు ఒక అలవాటైంది. గర్భసంచి ఆపరేషన్ అయిందన్న ఆడమనిషి కనబడితే, "అండాశయాలు ఉంచారా?" అని అడుగుతాను. మా పొదుపు సంఘంలో పదిమందిమి ఉంటే నలుగురికి ఆ ఆపరేషన్ అయింది. జవాబు చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. ఒకామె దగ్గర మాత్రం ఆసుపత్రి కాగితం ఉంది, బియ్యం డబ్బాలో దాచుకుంది. అది ఇంగ్లిషులో ఉంది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. దేశ సగటుకు రెండింతలు దాటి ఉన్నాం. తెలుగు ఆడవాళ్ళ గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు వస్తాయా? పద్దెనిమిది నిండకుండా పెళ్ళి, పాతికేళ్ళలోపే ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత గర్భసంచి అంటే ఇంట్లోవాళ్ళకూ, ఆమెకూ, డాక్టరుకూ పనికిరాని వస్తువైపోతుంది. మిరపకోతల్లో ఉదయం ఆరింటికి చేలోకి దిగితే సాయంత్రం దాకా మరుగు ఉండదు, నీళ్ళు ఉండవు. నెలకు నాలుగు రోజుల కూలి పోతుంటే, "తీసేస్తే పీడ పోతుంది" అన్న మాట ఆమెకు తీపిగానే వినబడుతుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కొట్టే ఆడవాళ్ళలో ఎంతోమందికి గర్భసంచులు తీసేసిన సంగతి 2019లో బయటపడినప్పుడు దేశమంతా నివ్వెరపోయింది. నాకు మాత్రం అది కొత్తగా అనిపించలేదు.

క్యాన్సర్ భయం గురించి కూడా చెప్పాలి. తెల్లబట్టకు ఎక్కువసార్లు కారణం మందులతో తగ్గే ఇన్ఫెక్షనే. మా ఆరోగ్య కేంద్రంలో దానికి ఆకుపచ్చ మందుల కిట్ ఉచితంగా ఇచ్చేవాళ్ళం. కొన్ని ఇన్ఫెక్షన్లకు భర్తకు కూడా మందు వేయాలి, లేకపోతే మళ్ళీ వస్తుంది. భర్తలు మింగేవారు కాదు, మళ్ళీ వచ్చేది, అప్పుడు ఆపరేషన్‌కు వెళ్ళేవారు. గర్భాశయ ముఖద్వార (గర్భసంచి మూతి) క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లబడిందా లేదా చూసే పరీక్ష ఉంది. గర్భసంచి మూతి దగ్గరి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష ఉంది. 30 ఏళ్ళు దాటిన వారికి ఐదేళ్ళకోసారి ఆ ఎసిటిక్ ఆమ్లం పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమమే ఉంది. అదే సర్వేలో 30-49 ఏళ్ళ మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో రెండు శాతం కూడా లేరు. పరీక్ష వందలో ఇద్దరికి కూడా అందలేదు, క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టడం మాత్రం ప్రతి ఊరికీ అందింది.

డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. క్యాన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు, పెద్ద గడ్డలు బాధిస్తున్నప్పుడు, గర్భసంచి పూర్తిగా జారినప్పుడు ఈ ఆపరేషన్ ఒక వరం. కాన్పులో రక్తం ఆగక చనిపోబోతున్న మనిషిని గర్భసంచి తీసి బతికించిన డాక్టరమ్మను నేను చూశాను. ఆమెకు ఈ రోజుకూ మనసులో దండం పెట్టుకుంటాను.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరపు ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలుచేయాలని చెప్పింది. జిల్లా స్థాయిలో కమిటీలు ఉండాలి, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా ఆపరేషన్ల వివరాలు వాటికి చేరాలి. మా మండలంలో నేను అడిగిన ఆశా కార్యకర్తలలో ఒక్కరూ ఆ కమిటీ పేరు వినలేదు. జిల్లా వైద్య ఆరోగ్య అధికారులు ఆ కమిటీలో ఎవరున్నారో, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాయించాలి.

నేను ముఖ్యంగా కోరేది చిన్న పని. గర్భసంచి తీసిన ప్రతి స్త్రీకీ, ఇంటికి పంపే రోజున, తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఎందుకు తీశారు, ముందు ఏ మందులు వాడి చూశారు, ఏమేం తీశారు, అండాశయాలు ఉన్నాయా లేవా, తీసిన భాగం పరీక్షలో ఏం తేలింది, ఇకపై ఏ జాగ్రత్తలు తీసుకోవాలి. పరీక్ష ఫలితం తర్వాత వస్తుందంటే దాన్ని ఫోనుకైనా పంపవచ్చు. నలభై లోపు వారికైతే వేరే ఆసుపత్రి డాక్టరు అభిప్రాయం కూడా ఆ కాగితంలో ఉండాలి. రాయాల్సి వస్తుందని తెలిస్తే కత్తి పట్టేముందు ఒకసారి ఆలోచిస్తారు. ఇప్పటికే ఆపరేషన్ అయిపోయిన వాళ్ళ కోసం ఉపకేంద్రాలలో ఒక రిజిస్టరు పెట్టాలి. గర్భిణులకు, పసిపిల్లలకు, బీపీ ఉన్నవారికి రిజిస్టర్లు నింపినదాన్ని నేను. వీళ్ళకు మాత్రం ఎప్పుడూ లేదు.

పక్కింటి కోడలు ఆ సోమవారం ఆసుపత్రికి వెళ్ళలేదు. నేనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం ఏడు గ్రాములే ఉంది. గడ్డలేమీ లేవన్నారు. రక్తస్రావం తగ్గడానికి ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, ఐరన్ మాత్రలు రాశారు. తగ్గకపోతే హార్మోను ఉన్న లూప్ వేయవచ్చన్నారు, అదీ పనిచేయకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామన్నారు. ఈసారి నెలసరి ఆరో రోజున ఆగింది. వచ్చే నెల మళ్ళీ చూపించాలి. ఆ చీటీలన్నీ నేను ఒక సంచిలో పెట్టి ఆమె చేతికే ఇచ్చాను.

మా చెల్లెలు ఇప్పుడు కాల్షియం, విటమిన్ డి వాడుతోంది. హార్మోను మందుల సమయం దాటిపోయిందన్నారు. అండాశయాలు లేవని రాసిన ఆ స్కానింగు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో ఇంటి పట్టా పక్కన దాచుకుంది.

ఇట్లు,
విశ్రాంత ఏఎన్‌ఎం,
పల్నాడు జిల్లా.